చెర్రీ టమాటా పూత రాలిపోతోంది, పిల్లలేమో కాయల కోసం ఎదురుచూస్తున్నారు

మియాపూర్_బాల్కనీ | అక్టోబర్ 11

అందరికీ నమస్కారం. మాది మియాపూర్‌లో ఆరో అంతస్తు ఫ్లాట్. తూర్పు బాల్కనీలో పదిహేను అంగుళాల గ్రో బ్యాగుల్లో నాలుగు చెర్రీ టమాటా మొక్కలు పెట్టాం. జూలై మధ్యలో నారు పోశాం. ఇప్పుడు మొక్కలు నా భుజం దాకా వచ్చాయి. ఆకు ముదురు రంగులో కళకళలాడుతోంది, పూత గుత్తులు గుత్తులుగా వస్తోంది. కానీ పువ్వు విచ్చిన మూడు నాలుగు రోజులకే కాడ పసుపు తిరిగి, ముట్టుకుంటే చాలు ఊడిపోతోంది. ఒక్క పిందె కూడా నిలవలేదు.

మా పాప మూడో తరగతి. అట్టముక్కల మీద పేర్లు రాసి కుండీల్లో గుచ్చింది: అమ్మానాన్నలకు కలిపి ఒకటి, నానమ్మకు ఒకటి, తమ్ముడికి ఒకటి, తనకు ఒకటి. పొద్దున లేస్తూనే ఎవరి మొక్క కాసిందా అని పరుగెత్తుకెళ్తుంది. మా అత్తయ్య పుల్ల మజ్జిగ చల్లమంటున్నారు, పక్కింటివాళ్ళు కోడిగుడ్డు పెంకులు వేయమంటున్నారు. ఏది మొదలుపెట్టాలో తోచడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

మేడతోట_సీతక్క | అక్టోబర్ 11

అమ్మా, ముందు మజ్జిగా వద్దు, పెంకులూ వద్దు. మూడు విషయాలు చెప్పు. ఎండ ఎంతసేపు పడుతుంది? బాల్కనీ తెరిచి ఉంటుందా, అద్దాలు మూసి ఉంటాయా? ఎరువు ఏం వేస్తున్నావు, ఎన్నాళ్ళకోసారి?

మియాపూర్_బాల్కనీ | అక్టోబర్ 11

అక్కా, ఎండ పొద్దున ఏడు నుంచి పదకొండున్నర దాకా. పావురాల నెట్ ఉంది, దాని లోపల స్లైడింగ్ అద్దాలు. దుమ్ము, పావురాల ఈకలు లోపలికి వస్తున్నాయని చాలావరకు మూసే ఉంచుతాం. ఎరువు అంటే వర్మీ కంపోస్ట్ పది రోజులకోసారి గుప్పెడు, వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్ళు వారం వారం.

మట్టివాసన | అక్టోబర్ 11

నేను బాపట్లలో అగ్రికల్చర్ చదివాను, కూరగాయల విత్తనాల పనిలో ఉన్నాను. మీ మొక్కకు జబ్బేమీ లేదండీ. దానికి గాలి లేదు, అంతే.

టమాటా పువ్వును దగ్గరగా చూడండి. మధ్యలో పసుపుపచ్చ కేసరాలు ఒకదానికొకటి అతుక్కుని సన్నటి గొట్టంలా ఉంటాయి. పుప్పొడి ఆ గొట్టం లోపలే ఉంటుంది. పువ్వు తలకిందులుగా వేలాడుతుంది కాబట్టి అదిరిందంటే పుప్పొడి జారి, లోపలే ఉన్న కీలాగ్రం (పుప్పొడిని అందుకునే కొస) మీద పడుతుంది. వేరే పువ్వు నుంచి రానక్కరలేదు, తన పుప్పొడి తనకే సరిపోతుంది. కానీ అదరాలి. పొలంలో ఆ పని గాలి చేస్తుంది. నల్ల తుమ్మెదలు, నీలి చారల తేనెటీగలు పువ్వును గట్టిగా పట్టుకుని ఝుమ్మని ఒళ్ళు అదిలిస్తాయి, దాంతో పుప్పొడి రాలుతుంది. మామూలు తేనెటీగకు ఆ విద్య రాదు. ఆరో అంతస్తులో, అద్దాల వెనకాల, మీ పువ్వులకు గాలీ లేదు, తుమ్మెదా లేదు.

ఉదయం తొమ్మిది, పదకొండు మధ్య, పువ్వు మీద తేమ ఆరాక, విచ్చిన గుత్తి కాడను వెనక నుంచి వేలితో మెల్లగా తట్టండి. బ్యాటరీతో తిరిగే టూత్ బ్రష్ ఇంట్లో ఉంటే దాని వెనక భాగం కాడకు రెండు క్షణాలు ఆనించండి, ఇంకా బాగా పనిచేస్తుంది. కింద నల్లటి వస్తువేదైనా పట్టుకోండి, పుప్పొడి రాలడం కనిపిస్తుంది.

వేరుశనగ చెక్క నీళ్ళు ఆపేయండి. నత్రజని ఎక్కువైతే మొక్క ఆకు మీద పడుతుంది, కాయ మీద ధ్యాస ఉండదు. కట్టెల బూడిద దొరికితే కుండీకి ఒక చెంచా, నెలకోసారి. అందులో పొటాష్ ఉంటుంది.

వేడి వల్ల రాలుతోందేమో అని కొందరు అనొచ్చు. పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రి 24 కంటే తగ్గకపోయినా పుప్పొడి దెబ్బతింటుంది, నిజమే. ఏప్రిల్, మేలలో మన దగ్గర పూత రాలేది అందుకే. అక్టోబర్ హైదరాబాద్‌లో ఆ బాధ లేదు.

ఓరుగల్లు_తోట | అక్టోబర్ 12

మట్టివాసన గారు చెప్పింది కరెక్టే కానీ బ్రష్షులు అవసరం లేదండి. మా ఇంట్లో మొక్కలకు పైనుంచి పురికొస తాళ్ళు కట్టాం. వచ్చేపోయేవాళ్ళు తాడును ఒకసారి లాగి వదులుతారు, మొక్కంతా ఊగుతుంది. నీళ్ళు పోసేటప్పుడు మా బాపు, బట్టలు ఆరేసేటప్పుడు మా అమ్మ, అందరూ లాగుతారు. అద్దాలు మాత్రం పొద్దున రెండు మూడు గంటలు తెరవండి. దుమ్ము వస్తే తుడుచుకోవచ్చు.

కోనసీమ_పిల్ల | అక్టోబర్ 12

మా అమ్మమ్మగారింట్లో నూతి గట్టు పక్కన రామములక్కాయలు, అంటే టమాటాలే, వాటంతటవే మొలిచేవండి. గోలీలంత కాయలు, పులుపూ తీపీ కలిసి ఉండేవి. ఎవరూ విత్తనం వెయ్యలేదు, ఎవరూ తట్టలేదు. గోదావరి గాలి పగలూ రాత్రీ వీస్తూనే ఉంటుంది కదా, ఇప్పుడు అర్థమైంది. స్నానానికి నీళ్ళు తోడుకోడానికి వెళ్ళినవాళ్ళు నాలుగు నోట్లో వేసుకుని వచ్చేవారు, వంటింటి దాకా ఎప్పుడూ చేరలేదు. మీ పాప పేర్లు రాసి గుచ్చిందని చదివి చాలా ముచ్చటేసింది.

మియాపూర్_బాల్కనీ | అక్టోబర్ 21

పిందెలు నిలిచాయి!

ఆదివారం నుంచి మొదలుపెట్టాం. పాప నాన్నగారి బ్యాటరీ బ్రష్ పట్టుకుంది, నేను నల్ల ఫోన్ కవరు కింద పెట్టాను. బ్రష్ కాడకు తగలగానే పువ్వు నుంచి లేత పసుపు పొడి పొగలా దిగి కవరు మీద పడింది. వేలితో రాస్తే మెత్తగా, పౌడరులా అంటుకుంది. పాప ఒక్క కేక పెట్టింది, వాళ్ళ నానమ్మ పూజ మధ్యలోంచి లేచి వచ్చారు. ఇప్పుడు ఆ పని పూర్తిగా పాపదే. స్కూలు ఉన్న రోజుల్లో అత్తయ్య చేస్తున్నారు, ఆవిడకు బ్రష్ నచ్చలేదు, వేలితోనే మీటుతున్నారు.

ఈ రోజు పొద్దున చూస్తే నానమ్మ మొక్కకు మొదటి గుత్తిలో పిందెలు కనిపించాయి. ఎండిన పూరేకులు టోపీలా కొసకు పట్టుకుని ఉన్నాయి, వాటి వెనక మిరియపు గింజంత పచ్చటి కాయ. కాడ పసుపు తిరగలేదు, బలంగా ఉంది. పండటానికి ఎన్నాళ్ళు పడుతుందండీ? పాప క్యాలెండర్ పట్టుకుని కూర్చుంది.

మట్టివాసన | అక్టోబర్ 21

చాలా సంతోషం. చెర్రీ రకాలకు పువ్వు విచ్చినప్పటి నుంచి పండేదాకా నెలా పదిహేను రోజుల దాకా పడుతుంది. చలి పెరిగితే రంగు తిరగడం ఇంకొంచెం ఆలస్యం. డిసెంబర్ మొదటి వారం అని రాసుకోమనండి.

మేడతోట_సీతక్క | అక్టోబర్ 22

ఇంక నీళ్ళ సంగతి చూసుకో తల్లీ. ఒకరోజు ఎండబెట్టి మరునాడు బకెట్టు కుమ్మరిస్తే పండే సమయానికి కాయలు పగులుతాయి. లోపలి గుజ్జు ఒక్కసారిగా ఉబ్బుతుంది, తొక్క అంత త్వరగా సాగదు. వేలు మట్టిలో రెండు కణుపులు దించి చూడు, పొడిగా ఉంటే పొయ్యి. మట్టి మీద ఎండాకులు పరిస్తే తడి నిలుస్తుంది. కోడిగుడ్డు పెంకుల గురించి మొదట అడిగావు. కాయ అడుగు నల్లబడితే కాల్షియం తక్కువైందని వేస్తారు. పెంకు మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది, ఈ పంటకు అందదు. అసలు చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది, నీళ్ళు సమంగా లేక మొక్క దాన్ని పైకి తీసుకోలేదు. చిన్న కాయల రకాలకు ఆ బాధ అరుదు.

రెండోది. ఆకు, కాండం కలిసే చోట పుట్టే పిలకలు తీసేస్తున్నావా?

మియాపూర్_బాల్కనీ | అక్టోబర్ 22

తీయలేదక్కా, పాపం అనిపించింది.

మేడతోట_సీతక్క | అక్టోబర్ 22

తీసినవి పారేయకు. జానెడు పొడుగున్న పిలకను గ్లాసు నీళ్ళలో పెడితే వారం పది రోజుల్లో తెల్లటి వేళ్ళు వస్తాయి. తల్లి మొక్క ఎలాంటిదో ఇదీ అలాంటిదే. మొదటి పూగుత్తి కింద ఉన్నవన్నీ తుంచి, గుత్తికి ఆనుకుని ఉన్న ఒక్క పిలకను ఉంచు, రెండు కాండాలు చాలు. మా విజయవాడ మేడ మీద సగం మొక్కలు ఇలా గ్లాసులో పుట్టినవే. వినాయకచవితికి వచ్చిన చుట్టాలకు తాంబూలంతో పాటు ఒక్కో గ్లాసు ఇచ్చి పంపాను.

ఎడిసన్_నాన్న | అక్టోబర్ 24

న్యూజెర్సీ నుంచి. మా బ్యాక్‌యార్డులో మేము పిలకలు అస్సలు తీయం, పంజరం పెట్టి వదిలేస్తాం, అడవిలా పెరుగుతుంది. స్థలం ఉంటే అదే హాయి. మాకు మే రెండో వారం, మదర్స్ డే దాటాక గానీ నారు బయట పెట్టకూడదు, ముందే పెడితే మంచుకు పోతుంది. మీకు పంట మొదలయ్యే సమయానికి మాకు ముగింపు.

ఈ ఏడాది గుంటూరు నుంచి అమ్మా నాన్నా ఆరు నెలలకు వచ్చారు. నాన్నగారు జీవితమంతా మిర్చి పండించినవారు. వచ్చిన వారానికే ఇంట్లో కూర్చోలేక గుబులు పడ్డారు. రెండు సన్‌గోల్డ్, ఒక బ్లాక్ చెర్రీ మొక్క కొని ఆయన చేతిలో పెట్టాం. అప్పటి నుంచి పొద్దున కాఫీ తోటలోనే. మావాడు తాతయ్య వెనకే. జూలైలో ఒకరోజు ఆకులన్నీ రాత్రికి రాత్రి మాయమయ్యాయి. వెతికితే హార్న్‌వార్మ్, మన బొటనవేలంత లావు ఆకుపచ్చ పురుగు, వెనక కొమ్ము. నాన్నగారు చేత్తో తీసి సబ్బు నీళ్ళలో వేశారు. రెండో పురుగు వీపు మీద తెల్లటి బియ్యపు గింజల్లాంటివి నిలబడి ఉన్నాయి. అది తీయొద్దు అన్నారు. అవి ఒక చిన్న కందిరీగ జాతి గూళ్ళు. దాని పిల్లలు పురుగు లోపలే తిని పెరిగి బయటికి వచ్చి గూడు కట్టుకుంటాయి. ఆ పురుగు ఇక తినదు, ఆ కందిరీగలు మిగతా పురుగుల పని పడతాయి. గుంటూరులో శనగపచ్చ పురుగు మీద బదనికలు (పురుగుల్ని తిని బతికే ఇలాంటి కీటకాలు) చూసిన కళ్ళు ఆయనవి, అమెరికా పురుగైనా ఒక్క చూపులో పోల్చుకున్నారు. మావాడు స్కూల్లో ఆ కథంతా చెప్పి వచ్చాడు.

మియాపూర్_బాల్కనీ | నవంబర్ 3

మళ్ళీ టెన్షన్. తమ్ముడి మొక్క బాగోలేదు. పై ఆకులు ముడుచుకున్నాయి. వైరస్ అంటున్నారు మా అపార్ట్‌మెంట్ గ్రూపులో. నిజమేనా, కాపాడలేమా?

మట్టివాసన | నవంబర్ 3

ముడత అంతా వైరస్ కాదండీ. కింది ముదురు ఆకులు గొట్టంలా పైకి చుట్టుకుని, మందంగా, రంగు మారకుండా ఉంటే అది ఎండకో, ఎక్కువ కత్తిరించినందుకో మొక్క చేసుకునే సర్దుబాటు. వదిలేయండి. అలా కాకుండా కొస చిగుళ్ళు చిన్నవైపోయి, అంచులు పసుపు తిరిగి, దోసిలిలా పైకి ముడిచి, మొక్క ఎదుగుదల ఆగిపోతే అది ఆకుముడత వైరస్. తెల్లదోమ మోసుకొస్తుంది. ఆకు తిప్పి చూడండి, కదిలిస్తే తెల్లటి దోమలు లేస్తున్నాయా?

మియాపూర్_బాల్కనీ | నవంబర్ 3

లేస్తున్నాయి. అంచులు పసుపుగానే ఉన్నాయి. చిగురు పిల్లాడి గోరంత ఉంది.

మట్టివాసన | నవంబర్ 3

అయితే అది వైరసే. దానికి మందు లేదు. సాయంత్రం పెద్ద కవరు మొక్క మీద కప్పి, దోమలు ఎగరకుండా, వేళ్ళతో సహా తీసేయండి. మిగతా మూడింటి దగ్గర పసుపు జిగురు అట్టలు వేలాడదీయండి. లీటరు నీళ్ళకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కాస్త కుంకుడు రసం, వారానికోసారి సాయంత్రం పూట ఆకుల అడుగున తగిలేలా కొట్టండి. జాలి పడి ఉంచితే మూడూ పోతాయి.

కోనసీమ_పిల్ల | నవంబర్ 3

అయ్యో, చిన్నాడి మొక్కే పోవాలా.

మేడతోట_సీతక్క | నవంబర్ 3

గ్లాసులో పిలకలు ఉన్నాయి కదా?

మియాపూర్_బాల్కనీ | నవంబర్ 6

ఉన్నాయక్కా. నానమ్మ మొక్క పిలకకు వేళ్ళు బాగా వచ్చాయి. మీరు చెప్పినట్టే మొక్క తీసేశాం, రెండున్నరేళ్ళవాడు ఖాళీ కుండీ చూసి ఏడ్చాడు. పాత మట్టి మార్చి, కొత్త పిలకను కాండం సగం దాకా లోతుగా నాటాం, కాండం నుంచి కూడా వేళ్ళు వస్తాయని ఇక్కడే ఎవరో పాత చర్చలో రాశారు. తమ్ముడి అట్టముక్క మళ్ళీ గుచ్చాక ఊరుకున్నాడు. నానమ్మ మొక్క బిడ్డ తమ్ముడికి వచ్చిందని అత్తయ్యకు ఒకటే సంబరం.

మదనపల్లె_రైతుబిడ్డ | నవంబర్ 9

చర్చ అంతా ఇప్పుడే చదివాను. మాది టమాటా ఊరు. మార్కెట్ టమాటాకు, ఇంటి టమాటాకు రుచిలో ఇంత తేడా ఎందుకని చాలామంది అడుగుతారు. మా నాన్న కాయ కాస్త రంగు తిరగగానే కోసి బాక్సుల్లో పేర్చాలి. లారీ ఎక్కి చెన్నైకో ఢిల్లీకో నలగకుండా చేరాలి కాబట్టి తొక్క గట్టి రకాలే వేస్తాం. రైతు తప్పేం లేదు. 2023 జూలైలో ధర ఆకాశానికి వెళ్ళినప్పుడు అందరూ మమ్మల్ని కోటీశ్వరులు అన్నారు, అదే పంటను ధర లేక రోడ్డు పక్కన పారబోసిన రోజులూ మా ఇంట్లో ఉన్నాయి. ఇంటి మొక్కకు లారీ ప్రయాణం లేదు, పూర్తిగా పండేదాకా ఆగొచ్చు. అదొక్కటే తేడా, కానీ చాలా పెద్ద తేడా.

కాయలు పగులుతాయని భయమున్నప్పుడు, అంటే ముసురు పట్టినప్పుడు, రంగు తిరగడం మొదలైన కాయలను కోసి ఇంట్లో గంపలో పెట్టండి. పండటానికి ఎండ అక్కరలేదు, వెచ్చదనం చాలు. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. పన్నెండు డిగ్రీల కంటే చల్లబడితే వాసన పోతుంది, వాసన పోయాక మిగిలేది పులుపే.

మియాపూర్_బాల్కనీ | డిసెంబర్ 6

పండాయి! మొదటి గుత్తిలో కొస కాయలు ఇంకా పచ్చగానే ఉన్నాయి, కాండం వైపు మూడు మాత్రం ఎర్రగా మెరిసిపోతున్నాయి. అత్తయ్య మొదట దేవుడి దగ్గర పెట్టారు. తర్వాత పాప తనే కోసి పంచింది. ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి, పొద్దుటి ఎండ తగిలినవి. కొరకగానే రసం చిమ్మి మా ఆయన ఆఫీసు చొక్కా మీద పడింది, ఎవరూ పట్టించుకోలేదు. టమాటా అంటే పళ్ళెం అంచుకు తోసేసే పాప ఇంకోటి ఉందా అని అడిగింది. నాకు కళ్ళు చెమర్చాయి, నిజం.

చీరాల_సిస్టర్ | డిసెంబర్ 6

సంతోషం అమ్మా. నేను పిల్లల వార్డులో నర్సుని, ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. రెండున్నరేళ్ళ బాబుకు చెర్రీ టమాటా గుండుగా ఇవ్వకండి. సరిగ్గా గొంతుకు అడ్డుపడే సైజు, తొక్క జారుతుంది. ఐదేళ్ళు వచ్చేదాకా నిలువుగా నాలుగు ముక్కలు కోసి, కూర్చోబెట్టి తినిపించండి. పరుగెత్తుతూ మొక్క నుంచి తెంపుకుని నోట్లో వేసుకోవడం వద్దు. ద్రాక్షపళ్ళకూ ఇదే మాట. ఆకులు, కాండం కూడా నోట్లో పెట్టుకోనివ్వకండి.

మియాపూర్_బాల్కనీ | డిసెంబర్ 6

చాలా థాంక్స్ సిస్టర్. ఈ సంగతి నాకు తట్టనే లేదు. కింద గుత్తులు వాడికి అందేంత ఎత్తులో ఉన్నాయి, ఈ రోజే బల్ల మీదకు ఎత్తి పెడతాం.

కోనసీమ_పిల్ల | డిసెంబర్ 15

ఇప్పుడు కాయలు దండిగా వస్తుంటాయి కదా. మా అమ్మమ్మ వంట చెప్తాను. రెండు గుప్పెళ్ళ కాయలు, కోయకుండా, ఒక్కోదానికి సూదితో చిన్న గాటు (లేకపోతే నూనెలో టపామని పేలతాయి). బాణలిలో రెండు గరిటెల నూనె, ఆవాలు, పావు చెంచా మెంతులు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు. మెంతులు ఎర్రబడగానే కాయలు వేసి, ఉప్పు, పసుపు, మూత. గరిటె పెట్టి కలపకూడదు, బాణలి పట్టుకుని ఊపాలి. తొక్క చిట్లి రసం కొంచెం దిగగానే వేయించిన నువ్వుల పొడి ఒక చెంచా చల్లి దించెయ్యాలి. వేడన్నంలో ఒక్కో కాయ చిదుముకుంటూ తినాలండి. పిల్లలకు ఎండుమిర్చి తగ్గించండి.

ఎడిసన్_నాన్న | డిసెంబర్ 16

మాకు అక్టోబర్ చివర్లో మంచు పడేముందు పచ్చికాయలన్నీ దులిపేశాం, అమ్మ పచ్చి టమాటా పచ్చడి పెట్టింది. వాళ్ళు గుంటూరు వెళ్ళిపోయారు, సీసాలో ఇంకా సగం ఉంది. ఇప్పుడు వీడియో కాల్‌లో నాన్నగారు అడిగే మొదటి ప్రశ్న, కంపోస్టు కుప్ప మీద ఆకులు కప్పావా అని.

మియాపూర్_బాల్కనీ | జనవరి 18

సంక్రాంతికి ఊరు వెళ్ళి వచ్చాం, కింది ఫ్లాట్ వాళ్ళు నీళ్ళు పోసి కాయలు తిన్నారు, రెండూ ఒప్పందమే. తమ్ముడి మొక్క కూడా కాసింది. పాప విత్తనం దాచాలంటోంది. ప్యాకెట్ మీద ఎఫ్1 హైబ్రిడ్ అని ఉంది. దాచొచ్చా?

మట్టివాసన | జనవరి 18

దాచొచ్చు, మొలుస్తుంది. కానీ ఎఫ్1 అంటే రెండు వేరు రకాలను కలిపి పుట్టించిన మొదటి తరం, అందుకే పిల్ల మొక్కలు ఒక్కోటి ఒక్కోలా రావచ్చు, కాయ పెద్దది కావచ్చు, తీపి తగ్గొచ్చు. కచ్చితంగా అదే కావాలంటే పిలకలే దారి, లేకపోతే హైబ్రిడ్ కాని రకం తీసుకోండి. పాపకు మాత్రం ఇది మంచి ప్రయోగం, చేయించండి. బాగా పండిన కాయల గుజ్జు గ్లాసులోకి పిండి, రెండు మూడు రోజులు నీడలో పులియనివ్వాలి. పైన తెల్లటి పొర కడుతుంది, విత్తనం చుట్టూ ఉన్న జిగురు విడిపోతుంది. కడిగితే మంచి గింజలు అడుగున నిలుస్తాయి. పింగాణీ పళ్ళెంలో ఆరబెట్టండి, కాగితం మీద వేస్తే అతుక్కుపోతాయి.

మేడతోట_సీతక్క | జనవరి 19

మార్చి చివరికి పూత నిలవదు, అప్పుడు ఎంత తట్టినా లాభం లేదు. మొక్కలు తీసేసి ఆ కుండీల్లో తోటకూర, బచ్చలి చల్లుకో. మళ్ళీ నారు జూలైలోనే. నా దగ్గర పసుపు రంగు చిన్న టమాటా నాటు విత్తనం ఉంది, ఏళ్ళుగా అదే కాయ కాస్తోంది. మీ పాపకు పంపుతాను. ఇంకెవరికైనా కావాలంటే ఇక్కడే చెప్పండి, కవర్లు కడతాను.

కోనసీమ_పిల్ల | జనవరి 19

అక్కా, నాకు రెండు కవర్లు. ఒకటి అమ్మమ్మగారింటి నూతి గట్టు దగ్గర వేయిస్తాను.

ఓరుగల్లు_తోట | జనవరి 19

నాకూ ఒకటి అక్కా. బదులుగా మా దగ్గరి దేశవాళీ బీర విత్తనాలు పంపుతా.